పీట్ కోర్‌లోని మొక్కల అవశేషాల నుంచి గత వాతావరణం: ఆకుల లెక్క, తేదీలు, డీసీఏ

తడినేల (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఒక రెయిజ్డ్ బాగ్ (సగం కుళ్లి పేరుకున్న మొక్కల పదార్థం, అంటే పీట్‌తో గుట్టలా పెరిగిన తడినేల) నడిమి భాగంలో రష్యన్ కోరర్‌తో (పీట్‌లోకి దించి నిలువు ముక్క తీసే పరికరం) తీసిన 3.2 మీటర్ల కోర్ ఉంది. కోరర్ గది పొడవు 50 సెం.మీ., వ్యాసం 5 సెం.మీ. పక్కపక్కనే రెండు గుంతల నుంచి మార్చి మార్చి తీసినది కాబట్టి ముక్కల చివరలు 10 సెం.మీ. మేర ఒకదాన్నొకటి కప్పుతాయి. అట్టడుగు 30 సెం.మీ.లో రెల్లు, తుంగ అవశేషాలున్నాయి. ఆపైనంతా స్ఫాగ్నమ్ నాచు పీట్, నడుమ నడుమ కాటన్‌గ్రాస్ (తుంగ కుటుంబపు మొక్క) నార పొరలు. 190 సెం.మీ. దగ్గర ముదురు గోధుమరంగు పీట్ ఆగిపోయి, దాని మీద లేత రంగు, అంతగా కుళ్లని నాచు పీట్ మొదలవుతుంది. గీత గీసినట్టే ఉంది.

సందేహాలు మూడు. మొదటిది, నమూనా తయారీ, లెక్కింపు: ఎంత పీట్ తీసుకోవాలి, ఏ జల్లెడ వాడాలి, 100 ఆకులు లెక్కపెడితే సరిపోతుందా? రెండోది, 12 ఏఎంఎస్ (కొన్ని మిల్లీగ్రాములతోనే కొలిచే పద్ధతి) రేడియోకార్బన్ తేదీలకు అవకాశం ఉంది. వాటిని ఎక్కడెక్కడ పెట్టాలి, మొత్తం పీట్ ముక్కే పంపవచ్చా? మూడోది నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది. 8 సెం.మీ.కు ఒకటి చొప్పున 40 నమూనాల తొలి విడత లెక్కను డీసీఏలో (డిట్రెండెడ్ కరెస్పాండెన్స్ అనాలిసిస్, జాతుల పోలికను బట్టి నమూనాల్ని అక్షాల మీద వరుసపెట్టే గణాంక పద్ధతి) వేస్తే, మొదటి అక్షంలో అన్నిటికన్నా పెద్ద మలుపు 95 సెం.మీ. దగ్గర వస్తోంది. సరిగ్గా అక్కడే స్ఫాగ్నమ్ ఆస్టినై అనే జాతి మాయమై, స్ఫాగ్నమ్ మాగెలానికమ్ అనే జాతి వస్తుంది. దీన్ని వాతావరణ మార్పుగా రాయవచ్చా?

కోర్‌షెడ్

లెక్కకు ముందు ఒక మాట చెప్పుకోవాలి. వాతావరణ సంకేతాన్ని వాన నీటి మీదే బతికిన పీట్‌లో వెతకాలి. రెయిజ్డ్ బాగ్ పైభాగం చుట్టూ ఉన్న నేలకన్నా ఎత్తుగా ఉంటుంది కాబట్టి భూగర్భజలం అక్కడికి అందదు. పడిన వానకూ ఆవిరైన నీటికీ మధ్య తేడాయే అక్కడి నీటిమట్టాన్ని నడిపిస్తుంది. మీ అడుగున ఉన్న రెల్లు, తుంగ పీట్ ఫెన్ దశది, అంటే భూగర్భజలమో వాగు నీరో అందుతూ ఉన్న దశది. అక్కడ వాగు దారి మళ్లినా, పక్కన చెరువు పూడినా మొక్కలు మారిపోతాయి. ఆ 30 సెం.మీ.ను వర్ణించండి, కానీ తడి-పొడి రేఖలో కలపకండి. ఫెన్ ఎక్కడ ముగిసి బాగ్ ఎక్కడ మొదలైందో కంటికి తెలియకపోతే బూడిద శాతం తీయండి. వాన నీటి పీట్‌లో అది సాధారణంగా 5 శాతం లోపే ఉంటుంది, ఫెన్ పీట్‌లో పెరుగుతుంది.

రెండు గుంతల ముక్కల్ని కలిపేటప్పుడు టేపు లోతును మాత్రమే నమ్మకండి. మనిషి బరువుకే బాగ్ ఉపరితలం అణుగుతుంది, ఒక గుంత దగ్గర కొన్ని సెంటీమీటర్లు తేడా రావడం మామూలే. కప్పే 10 సెం.మీ.లో ఏదో ఒక కాటన్‌గ్రాస్ పొరనో బొగ్గు పొరనో గుర్తుగా పట్టుకుని సరిచూడండి. గుర్తు దొరకకపోతే రెండు చివర్లలోనూ 1 సెం.మీ. చొప్పున కాల్చి బరువు నష్టం చూస్తే జత కుదురుతుంది. ప్రతి ముక్క కింది కొస నుంచి నమూనా తీయకండి. కోరర్ ముక్కు ముందుగా దిగి పీట్‌ను కలచివేస్తుంది, రెండు గుంతలు తవ్వేది అందుకే.

కోర్ మీది పూతను గీకేటప్పుడు కత్తి అడ్డంగా నడవాలి. నిలువుగా గీకితే పైపొర ఆకులు కింది పొరకు అంటుకుంటాయి, ముఖ్యంగా మీ 190 లాంటి పదునైన సరిహద్దు దగ్గర.

తర్వాత నమూనా. 1 సెం.మీ. మందం, 4 ఘన సెం.మీ. పీట్ చాలు. ఘనపరిమాణాన్ని కొలగొట్టంలో నీటి మట్టం పెరుగుదలతో కొలవండి. కుళ్లని స్ఫాగ్నమ్ గాలిని పట్టుకుని ఉంటుంది, నీటిలోపల గాజు కడ్డీతో మెల్లగా నొక్కి బుడగలు పోయాకే అంకె చూడాలి. లేకపోతే లేత పీట్ నమూనాలన్నీ తక్కువ పదార్థంతో వస్తాయి, విత్తనాల గాఢత లెక్క అంతా పక్కకు పోతుంది.

5 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో మెల్లగా వేడి చేయండి. ఉడుకు పట్టాక కొన్ని నిమిషాలు చాలు. నల్లటి పీట్ విడిపోవడానికి ఇది అవసరం, పైన ఉన్న లేత పీట్‌కు వేడి నీరే సరిపోతుంది. అతిగా మరిగిస్తే కొమ్మల నుంచి ఆకులు రాలిపోతాయి. కాండానికి అంటుకుని ఉన్న కాండపు ఆకే కొన్ని జాతుల్ని విడదీయడానికి ఆధారం, అది ఊడిపోతే ఆ ఆధారం పోయినట్టే. తర్వాత 125 మైక్రాన్ల జల్లెడ. ప్రతి నమూనానూ ఒకే మొత్తం నీటితో కడగండి, 5 లీటర్లని పెట్టుకుంటే చివరిదాకా అదే. ఎందుకంటే ఎంత కడిగితే అంత గుర్తుపట్టలేని సేంద్రియ పదార్థం జారిపోతుంది, దాంతో మిగతా శాతాలన్నీ పెరుగుతాయి. ఒక నమూనాను 2 లీటర్లతో, ఇంకోదాన్ని ధారాళంగా కుళాయి కింద కడిగితే మీ ‘తడి దశ’ కుళాయి చేసిన పనే కావచ్చు.

టెస్టేట్ అమీబాలు (గుల్ల ఉన్న ఏకకణ జీవులు) కూడా చూసే ఉద్దేశం ఉంటే వాటికి వేరే ముక్క తీసుకోండి, క్షారం ముట్టనిది. క్షారం ఆ గుల్లల్ని పాడుచేస్తుంది.

ఆకు_లెక్క

లెక్కింపు రెండు అంచెల్లో జరగాలి, ఒకదాన్ని వదిలేస్తే రెండోది నిలవదు.

మొదట, జల్లెడలో మిగిలినదాన్ని పెట్రీ గిన్నెలో పలుచటి నీటి పొరలో సమంగా పరచి, కంటికటకంలో 10×10 గళ్ల జాలి పెట్టి, 10 రెట్ల పెద్దగా చూడండి. 15 చోట్ల, ఒక్కో చోట ఏ భాగం ఎన్ని గళ్లు ఆక్రమించిందో రాయండి: స్ఫాగ్నమ్ మొత్తం, కాటన్‌గ్రాస్, ఇతర ఏకదళబీజ మొక్కలు, హీథర్ (బాగ్‌లో పెరిగే చిన్న పొద) కుటుంబపు సన్న వేళ్లు, చెక్క, గుర్తుపట్టలేనిది. ఈ 15 సగటే శాతం. విత్తనాలు, బొగ్గు ముక్కలు, పుట్టగొడుగు గడ్డలు శాతంలోకి రావు, వాటిని గిన్నె అంతా వెతికి సంఖ్యగా ఇవ్వండి.

తర్వాత స్ఫాగ్నమ్ ఆకులు. కనీసం 100, స్లయిడ్ మీద, 400 రెట్ల దాకా. ఇక్కడ ఎక్కువమంది పొరబడేది ఆకుల ఎంపికలోనే. పొడవాటి కొమ్మ దొరికిందని దాని నుంచే 30 ఆకులు తీస్తే అది 30 సాక్ష్యాలు కాదు, ఒక్క మొక్కే. గిన్నెలో వేర్వేరు చోట్ల నుంచి, విడి ఆకుల్ని, కళ్లకు ఇంపుగా ఉన్నవాటినే ఏరకుండా తీయండి. మొత్తం స్ఫాగ్నమ్ 60 శాతం, అందులో ఆకుల లెక్క ప్రకారం ఒక జాతి 40 శాతం అయితే ఆ జాతి వాటా 24.

100 సరిపోతుందా అని అడిగారు. 50 శాతం ఉన్న జాతికి 100 ఆకుల లెక్కలో దోషం అటూ ఇటూ దాదాపు 10 శాతం, 10 శాతం ఉన్నదానికి దాదాపు 6. ఒక్క ఆకూ కనబడకపోయినా ఆ జాతి 3 శాతం దాకా ఉండి ఉండవచ్చు. అంటే 35 నుంచి 42కు పెరిగిందని కథ అల్లడానికి ఆ లెక్క చాలదు. మలుపు అనుకున్న చోట 200 లెక్కపెట్టండి, మిగతా చోట్ల 100 పర్వాలేదు. ఇంకో సంగతి, స్ఫాగ్నమ్ జాతుల్ని విభాగాలుగా పంచుతారు. వాటిలో ‘స్ఫాగ్నమ్’ అనే పేరే ఉన్న విభాగపు (మాగెలానికమ్, పాపిలోసమ్, ఆస్టినై ఇందులోవి) ఆకు వెడల్పుగా, టోపీలా ముడుచుకుని ఉంటుంది. అక్యూటిఫోలియా విభాగపు ఆకు దానికన్నా చాలా చిన్నది. ఆకుల సంఖ్య సమానమైనా అవి ఆక్రమించిన చోటు సమానం కాదు. రెండు నమూనాల్ని పోల్చడానికి ఇది ఇబ్బంది పెట్టదు, కానీ ఆ శాతాన్ని నేల మీద ఆ జాతి ఆక్రమించిన వాటాగా చదవకండి.

గుర్తింపు విషయానికొస్తే, ఆకు పరచగానే రెండు రకాల కణాలు కనిపిస్తాయి: వెడల్పుగా, ఖాళీగా, రంధ్రాలూ అడ్డ నారలూ ఉన్న నీటి కణాలు, వాటి మధ్య సన్నగా ఇరుక్కున్న పత్రహరిత కణాలు. మాగెలానికమ్‌లో పత్రహరిత కణం రెండు వైపులా నీటి కణాల మధ్య పూర్తిగా మునిగిపోయి, అడ్డకోతలో చిన్న దీర్ఘవృత్తంలా ఉంటుంది, గోడలు నున్నగా ఉంటాయి. పాపిలోసమ్‌లో గోడల మీద సన్నటి బుడిపెలు. ఆస్టినైలో, పత్రహరిత కణాన్ని ఆనుకున్న గోడ మీద దువ్వెన పళ్ల వరుస. ఫోకస్ మెల్లగా పైకీ కిందికీ తిప్పితే తప్ప ఆ పళ్లు కనబడవు. కుళ్లిన ఆకుల్లో ముందు అరిగేవీ అవే కాబట్టి ముదురు పీట్‌లో ‘నున్నటి గోడ’ అని తొందరపడి రాయవద్దు. ఒక చుక్క జెంషియన్ వయొలెట్ వేస్తే తేలికవుతుంది.

అక్యూటిఫోలియాలో పత్రహరిత కణం ఆకు లోపలి, అంటే పుటాకార వైపుకు ఎక్కువగా తెరుచుకుంటుంది. కస్పిడేటా విభాగంలో బయటి వైపుకు. ఆకు మడతపడి ఉంటే వైపులు తారుమారవుతాయి, అనుమానం ఉంటే బ్లేడుతో అడ్డకోత తీయక తప్పదు. అక్యూటిఫోలియా లోపలి జాతుల్ని (రుబెల్లమ్, ఫుస్కమ్ మొదలైనవి) కొమ్మ ఆకులతో విడదీసినట్టు పట్టికలో చూపితే చదివేవాళ్లు నమ్మరు. కాండపు ఆకులు దొరికినప్పుడే జాతి పేరు రాయండి, లేకపోతే విభాగం పేరు దగ్గర ఆగండి.

కార్బన్‌బెంచ్

తేదీల గురించి. మొత్తం పీట్ ముక్క పంపకండి. పీట్‌లో వేళ్లు పై నుంచి కిందికి దిగుతాయి, కాటన్‌గ్రాస్ వేళ్లు అర మీటరుకు పైగా దిగగలవు. గిన్నెలో కొంచెం స్ఫాగ్నమ్ వేసి సూదులతో విడదీసి చూడండి. కాండం పొడవునా, కొన్నిసార్లు కాండం గుండానే, వెంట్రుకంత సన్నటి గోధుమరంగు వేరు దూరిపోయి ఉంటుంది. కొస పట్టుకుని లాగితే తెగి, సగం లోపలే ఉండిపోతుంది. అలాంటి కాండాన్ని పక్కన పడేయడమే మేలు.

దీని ప్రభావం ఎంత? 3000 రేడియోకార్బన్ సంవత్సరాల నమూనాలో నేటి కార్బన్ 5 శాతం కలిస్తే తేదీ దాదాపు 180 ఏళ్లు చిన్నదవుతుంది. వేళ్లు మరీ నేటివి కావు కాబట్టి నష్టం అంత ఉండదు. 400 ఏళ్లు చిన్న వయసున్న వేళ్లు 10 శాతం ఉంటే తేడా 40 ఏళ్లు. కానీ సెంటీమీటరుకు 10 ఏళ్ల వేగంతో పెరిగిన పీట్‌లో 40 ఏళ్లంటే 4 సెం.మీ. ఒక మలుపు ముందా వెనకా అని వాదించేది సరిగ్గా అంత తేడా మీదే.

పంపాల్సింది చేత్తో ఏరిన స్ఫాగ్నమ్ కాండాలు, కొమ్మలు, ఆకులు మాత్రమే. హీథర్ ఆకులు, విత్తనాల వంటి నేలపై భాగాలు కూడా మంచివే. ఎండాక 5 నుంచి 10 మి.గ్రా. ఉంటే ల్యాబ్ శుద్ధిలో కొంత పోయినా సరిపోతుంది. తేదీ కోసం ఏరేది క్షారంలో మరిగించని పీట్ నుంచి అయితే మంచిది, ఎందుకంటే క్షారం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. మరిగించినదే వాడాల్సి వస్తే చివరి కడుగు ఆమ్లంతో ఉండాలి. ఏరిన వెంటనే ఆరబెట్టండి. తడిగా సీసాలో నెలల తరబడి ఉంచితే బూజు పడుతుంది, ఆ బూజు తెచ్చేది నేటి కార్బన్. ఏరేటప్పుడు కాగితం పీచు, దూది దగ్గరకు రానివ్వకండి.

12 తేదీలనూ ఒకేసారి వాడేయకండి. మొదటి విడత నాలుగు: 280, 200, 120, 60 సెం.మీ. దగ్గర. వీటితో పెరుగుదల వేగం తెలుస్తుంది. రెండో విడతలో 190 సరిహద్దుకు సరిగ్గా పైనా కిందా ఒక్కొక్కటి. ఇది ముఖ్యం. మీరు గీత గీసినట్టు ఉందన్నారు. అలాంటి చోట పీట్ పెరగడం ఆగిపోయి ఉండవచ్చు, కాలిపోయి ఉండవచ్చు, కోసి తీసేసి కూడా ఉండవచ్చు. 3 సెం.మీ. తేడాతో ఉన్న రెండు తేదీల మధ్య 500 ఏళ్లు వస్తే అది ఖాళీ. వయసు-లోతు మోడల్‌లో (ఏ లోతు ఎంత పాతదో అంచనా వేసే లెక్కలో) ఆ లోతును ఖాళీగా ప్రకటించాలి, లేదంటే బేకన్ లాంటి ప్రోగ్రామ్ ఆ ఖాళీని నున్నగా సాగదీసి చూపిస్తుంది. ఆస్టినై మాయమైన 95 దగ్గర రెండు పెట్టండి. మిగిలిన నాలుగింటిని ఫలితాలు చూశాక నిర్ణయించండి.

ఒక చిక్కు ముందే చెప్పాలి. 190 సరిహద్దు క్రీ.పూ. 800 నుంచి 400 మధ్య పడితే, ఆ కాలమంతా రేడియోకార్బన్ వయసు దాదాపు 2450 దగ్గరే చదునుగా ఉంటుంది. ఒక్క తేదీని కాలిబ్రేట్ చేస్తే, అంటే క్యాలెండర్ ఏళ్లలోకి మారిస్తే, మూడు నాలుగు శతాబ్దాల వెడల్పు వస్తుంది. దానికి మందు, 2 నుంచి 4 సెం.మీ. దూరంలో వరుస తేదీలు తీసి, ఆ వరుస ఆకారాన్ని కాలిబ్రేషన్ వక్రరేఖ మలుపులకు సరిపెట్టడం. క్రీ.పూ. 850 నుంచి 760 ప్రాంతంలో వాయవ్య యూరప్ బాగ్‌లు తడిసిన దశను నెదర్లాండ్స్ పీట్‌లలో అంత కచ్చితంగా పట్టుకోగలిగింది ఈ పద్ధతితోనే. అప్పుడే వాతావరణంలో రేడియోకార్బన్ పెరిగింది కాబట్టి సూర్యుని చురుకుదనం తగ్గడంతో దాన్ని ముడిపెట్టడమూ సాధ్యమైంది. మీ మిగిలిన నాలుగు తేదీలూ ఇక్కడికే పోవచ్చు.

ఐస్‌లాండ్ అగ్నిపర్వతాల బూడిద పడిన ప్రాంతమైతే తేదీ తెలిసిన కొన్ని బూడిద గీతలు దాదాపు ఉచితంగా దొరుకుతాయి: హెక్లా 4 (క్రీ.పూ. 2300 ప్రాంతం), హెక్లా 1104, ఓరాయ్‌వయోకుల్ 1362, ఆస్క్యా 1875. గాజు రేణువులు ఉన్నాయో లేదో వెతకడానికి పీట్‌ను కాల్చవచ్చు. రసాయన విశ్లేషణకు మాత్రం కాల్చిన నమూనా పనికిరాదు, వేడికి గాజు కూర్పు మారుతుంది. ఆమ్లంతో కరిగించినదే వాడాలి.

తడినేల

చాలా స్పష్టత వచ్చింది, అందరికీ ధన్యవాదాలు. రెండు అనుబంధ ప్రశ్నలు. 200 నుంచి 230 సెం.మీ. మధ్య గుర్తుపట్టలేని పదార్థం 70 శాతం దాకా ఉంది. వాటిని డీసీఏలో ఉంచాలా? పై 60 సెం.మీ.కు రేడియోకార్బన్ సరిపోతుందా?

కార్బన్‌బెంచ్

రెండోదానికి: గత 150 ఏళ్లకు సీసం-210 వాడండి, దాని అర్ధజీవితం 22.3 ఏళ్లు. 1950ల తర్వాతి స్ఫాగ్నమ్‌కు అణుపరీక్షల కార్బన్ అద్భుతంగా పనిచేస్తుంది, 1963 ప్రాంతపు శిఖరం ఒక్కటి దొరికితే చాలు. వీటి మధ్య, దాదాపు 1650 నుంచి 1950 దాకా రేడియోకార్బన్ వక్రరేఖ మెలికలు తిరిగి ఉంటుంది, ఒక్కో తేదీకి రెండు మూడు సమాధానాలు వస్తాయి. అక్కడ విడి తేదీ మీద డబ్బు పెట్టకండి. పైభాగం తేదీలు ఊహించినదానికన్నా వందల ఏళ్లు పాతవిగా వస్తే ఎప్పుడో పీట్ కోసుకుపోయారని అర్థం.

హాలోసీన్

మూడో సందేహానికి నా సమాధానం: 95 దగ్గరి మలుపును వాతావరణ మార్పుగా ఇప్పటికైతే రాయవద్దు.

డీసీఏకు తడి అంటే ఏమిటో తెలియదు. నమూనాల మధ్య అన్నిటికన్నా పెద్ద తేడా ఏదో దాన్నే మొదటి అక్షంగా ఇస్తుంది. బాగ్ చరిత్రలో మొదటి అక్షం చాలాసార్లు తడి-పొడి వరుసే అవుతుంది: ఒక కొసన మడుగుల్లో పెరిగే కస్పిడేటమ్, ఇంకో కొసన హీథర్ వేళ్లు, కాటన్‌గ్రాస్, గుర్తుపట్టలేని పదార్థం. అలా వచ్చినప్పుడు దాన్ని తడి సూచిక అనడం సబబే. కానీ ఒక జాతి కింది 2 మీటర్లంతా ఏలి, పైన పూర్తిగా కనుమరుగైతే, అక్షం ఆ జాతి ‘ఉంది-లేదు’ అన్నదాన్నే చూపిస్తుంది. మీకు జరిగింది ఇదే. అక్షం మీద జాతుల అంకెలు గీసి చూడండి. కస్పిడేటమ్, హీథర్ రెండూ ఒకే వైపు లేదా మధ్యలో కూర్చుని, ఆస్టినై ఒక్కటే దూరాన ఉంటే అది తడి అక్షం కాదు.

పైగా ఆస్టినై బ్రిటన్, ఐర్లండ్ బాగ్‌లలో వేల ఏళ్లు పెరిగి మధ్యయుగాల్లో చాలా చోట్ల తగ్గిపోయింది. కారణం మీద వాదన ఇంకా నడుస్తోంది: వాతావరణమా, సాగు పెరిగి ఎగిరిన దుమ్ముతో చేరిన పోషకాలా, బాగ్ అంచుల్లో కాలువలు తవ్వడమా, జాతుల మధ్య పోటీయా. అన్ని బాగ్‌లలో ఒకే ఏడాది పోలేదు. దిబ్బల మీదా పెరిగింది, చదునైన తడి నేలలోనూ పెరిగింది, అంటే నీటిమట్టానికి అది పదునైన సూచిక కూడా కాదు. దాని స్థానంలోకి వచ్చిన మాగెలానికమ్ పరిధీ విశాలమే. దక్షిణ అమెరికా దక్షిణ కొసన ఉన్న టియెర్రా డెల్ ఫ్యూగో బాగ్‌లలో దిబ్బ నుంచి తడి పల్లం దాకా మాగెలానికమ్ ఒక్కటే పరుచుకుంటుంది. అక్కడ ఆకుల లెక్క మీటర్ల కొద్దీ కదలకుండా నిలబడి ఉంటే, అమీబాలే నీటిమట్టం మార్పును చూపిస్తాయి.

ఏం చేయాలంటే, మొదట అక్షం దిశ సరిచూసుకోండి. డీసీఏలో ప్లస్, మైనస్ గుర్తులకు అర్థం లేదు, ప్రోగ్రామ్ ఇష్టం. మూడుకన్నా తక్కువ నమూనాల్లో కనిపించే జాతుల్ని తీసేయండి. తర్వాత ఆస్టినై ఉన్న భాగాన్నీ లేని భాగాన్నీ విడివిడిగా నడపండి. 95 దగ్గరి మలుపు పోయి, మిగతా మలుపులు నిలిస్తే జవాబు దొరికినట్టే. ప్రతి జాతికీ నేటి బాగ్‌లో అది పెరిగే తడిని బట్టి బరువు ఇచ్చి లెక్కించే సూచిక కూడా పక్కన గీయండి. దానిలో బరువులు మనం ముందే పెట్టినవి కాబట్టి అది డీసీఏ కన్నా నిజాయితీగా తప్పుపడుతుంది, తప్పు ఎక్కడుందో కనిపిస్తుంది.

200 నుంచి 230 నమూనాల గురించి. గుర్తుపట్టలేనిది సగం దాటాక మిగిలిన ఆకులు బతికి బయటపడ్డవే తప్ప అప్పటి మొక్కల సమూహం కాదు. దిబ్బ జాతులు, ముఖ్యంగా అక్యూటిఫోలియాలో ఫుస్కమ్ వంటివి, మెల్లగా కుళ్లుతాయి. మడుగు జాతి కస్పిడేటమ్ త్వరగా కుళ్లుతుంది. అందుకని ముదురు పీట్ తన అసలు స్వభావంకన్నా పొడిగా కనబడుతుంది. వాటిని ‘పొడి, కానీ ఎంతో చెప్పలేం’ అని ఒక పట్టీగా గీయండి. సంఖ్య కావాలంటే హ్యూమిఫికేషన్ (పీట్ ఎంత కుళ్లిందన్న కొలత) తీయండి: ఎండబెట్టి నూరిన 0.2 గ్రా. పీట్‌ను 8 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌లో గంటసేపు వేడి చేసి, వడగట్టి, పలుచన చేసి, 540 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ చదవండి. ద్రావణం రంగు సమయంతో వెలుస్తుంది, కాబట్టి కలిపినప్పటి నుంచి చదివేదాకా అన్ని నమూనాలకూ ఒకే వ్యవధి ఉండాలి. దీనిలోనూ చిక్కుంది. కాటన్‌గ్రాస్, స్ఫాగ్నమ్ ఒకే స్థితిలో ఒకేలా కుళ్లవు, జాతి మారినా రంగు మారుతుంది. అందుకే మూడు పద్ధతులూ (మొక్కల అవశేషాలు, అమీబాలు, హ్యూమిఫికేషన్) ఒకే లోతు నుంచి తీసి పక్కపక్కన పెట్టాలి.

190 సరిహద్దు విషయంలో కూడా తొందరవద్దు. 1900లో వెబర్ ఉత్తర జర్మనీ బాగ్‌లలో ఇలాంటి ముదురు-లేత సరిహద్దునే వర్ణించి దానికి గ్రెంజ్‌హొరిజాంట్ (సరిహద్దు పొర) అని పేరు పెట్టాడు. అది అన్నిచోట్లా ఒకే కాలానిదని చాలాకాలం అనుకున్నారు. 1932లో గ్రాన్‌లుండ్ స్వీడన్ బాగ్‌లలో అలాంటివి ఒకటికన్నా ఎక్కువ ఉన్నాయని చూపాడు. రేడియోకార్బన్ వచ్చాక ఒకే బాగ్‌లో కూడా ఆ గీత చోటును బట్టి వయసు మారుతుందని తేలింది. అలాగని దిబ్బలూ పల్లాలూ తమంతట తాము చక్రంలా మారుతుంటాయనే పాత సిద్ధాంతమూ నిలవలేదు. 1981లో బార్బర్ ఇంగ్లండ్‌లో కంబ్రియాలోని బోల్టన్ ఫెల్ మాస్ పీట్ గోడల్ని పరీక్షించి, బాగ్ ఉపరితలం మొత్తం వాతావరణంతో కలిసి కదిలిందని చూపించాడు. కాబట్టి మీ గీతలో వాతావరణం ఉండి ఉండవచ్చు, దాన్ని నిరూపించేది ఆ ఒక్క కోర్ కాదు. అదే బాగ్‌లో కనీసం ఇంకో రెండు చోట్ల, వీలైతే ఇంకో బాగ్‌లో కూడా అదే కాలంలో మలుపు కనబడాలి.

కనబడిందనుకుందాం. అప్పుడు కూడా ‘వాన పెరిగింది’ అని రాయకండి. బాగ్ నీటిమట్టం ముఖ్యంగా వేసవిలో ఎంత లోటు, ఎంతకాలం అన్నదాన్ని చూపిస్తుంది. సముద్రానికి దగ్గరి వాయవ్య యూరప్‌లో ఆ లోటులో వాన వాటా ఎక్కువ, లోతట్టు ఖండంలో వేసవి వేడి వాటా పెరుగుతుంది. మొక్కల అవశేషాలు ఆ రెండింటినీ విడదీసి చెప్పలేవు.

మిట్ట_పీట్

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఉష్ణమండలంలో స్ఫాగ్నమ్ లేని, గడ్డి, తుంగ పీట్‌కు కూడా ఇదే పద్ధతి నడుస్తుందా?

హాలోసీన్

ఆకుల లెక్క నడవదండి. అక్కడ మొక్కల రకాన్ని కార్బన్ ఐసోటోపులతో పట్టుకుంటారు. సీ3 మొక్కల (చెట్లు, తడి చోట్ల మొక్కలు ఎక్కువగా ఇవే) కార్బన్-13 విలువ సగటున వెయ్యికి మైనస్ 27, సీ4 గడ్లది (వేడిని, పొడిని తట్టుకునే గడ్లు) మైనస్ 13 చుట్టుపక్కల. 1993లో వెలువడిన నీలగిరి పీట్ అధ్యయనం దక్షిణ భారతంలో తడి, పొడి కాలాల్ని చదివింది ఈ తేడాతోనే. ఒక జాగ్రత్త: చివరి హిమయుగం తారస్థాయిలో గాలిలో కార్బన్ డయాక్సైడ్ 190 పీపీఎం (పది లక్షలకు 190 వంతులు) దగ్గరే ఉండేది, అంత తక్కువ స్థాయి కూడా సీ4 గడ్లకు అనుకూలమే. అంటే హిమయుగపు సీ4 అంతా కరువు కాదు. ఇక మైదానపు అడవి పీట్ అయితే నేల మీది ఆకులు కుళ్లిపోయి మిగిలేది ఎక్కువగా చెక్కా వేళ్లే. వేరు ఎప్పుడూ తానున్న పొరకన్నా చిన్నది, అక్కడ తేదీ పెట్టడం ఇంకా కష్టం.

కోర్‌షెడ్

తడినేల గారూ, ఇంకో రెండు చోట్ల కోర్ తీయడానికి వెళ్తే 190 గీత కోసం ముందుగా సన్నటి కోరర్‌తో వరుసగా గుచ్చి చూసుకుంటూ వెళ్లండి, 10 మీటర్లకు ఒకటి చొప్పున. గీత లోతు ఎక్కడెక్కడ ఎంతో కాగితం మీద గీస్తే, అది బాగ్ అంతటా ఉందో ఒక పాత మడుగు అంచు మాత్రమేనో అక్కడికక్కడే తెలుస్తుంది.

గీత దగ్గర 1 సెం.మీ. ముక్కలు కోసేటప్పుడు నున్నటి కత్తి వాడితే లేత స్ఫాగ్నమ్ తెగదు, నలిగి కిందికి లాగుతుంది. పళ్లున్న కత్తితో నొక్కకుండా రంపంలా నడపండి. కాటన్‌గ్రాస్ నార అడ్డొస్తే లాగవద్దు, దాన్ని కత్తెరతో రెండు వైపులా తెంపి, ఆ నారను ఏ ముక్కలోనూ లెక్కపెట్టకుండా పక్కన పెట్టండి. కోత కింది నుంచి పైకి సాగాలి, ప్రతి కోతకూ కత్తి కడగాలి. గీత వాలుగా ఉంటే కోతను కోర్ అంచుకు లంబంగా కాదు, గీత వాలు ప్రకారమే వేయండి, కోణం రాసిపెట్టుకోండి. 5 సెం.మీ. వెడల్పులో 1 సెం.మీ. వాలు ఉన్నా, అడ్డంగా కోసిన ఒక ముక్కలో గీతకు రెండు వైపుల ఆకులూ కలిసిపోతాయి.